మానుకోట గంజులో షట్టర్ పోరగాళ్ళు

మొన్న భూపాలపల్లిలో మా చిన్నమ్మాయి వాళ్ళ క్వార్టర్‌లో మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చానో లేదో, మనుమరాలు ఫోనులో ఏదో పాట పెట్టుకుని బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. మొదట గిటారు గరగరమన్నది, దాని వెనుక డ్రమ్ము పడింది, ఇంకేముంది, నాకు నిద్ర ఎగిరిపోయింది. కళ్ళు తెరవకుండానే, ఇప్పుడు వాడు గొంతు చించుకుని అరుస్తాడు చూడమన్నాను. వాడు సరిగ్గా అక్కడే అరిచాడు. పిల్ల చేతిలోని తువ్వాల కింద పడేసి, "ఏందే తాతా, నీకెట్ల తెల్సు?" అని నోరు తెరిచింది. రామకోటి రాసుకునే తాతకు ఈ అరుపులతో చుట్టరికం ఏమిటని దాని అనుమానం. దానికి అప్పుడు పైపైన ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని, నా ఈడు వాళ్ళు మీలో ఎవరైనా ఉంటారని అసలు సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

మాది మహబూబాబాద్. ఊళ్ళో పేరు మానుకోటే. రైలు స్టేషన్ నుంచి గంజుకు, అంటే పంటల మార్కెట్‌కు, పోయే దారిలో మా బాపుకు మైక్ సెట్ దుకాణం ఉండేది. పక్క కొట్టులో రేడియోలు బాగుచేసే చాచా ఉండేవాడు. ఆయన మాకు చుట్టం కాడు, మతం కూడా వేరు, కాని బాపు ఆయనను అడగకుండా కొత్త వైరు ముక్క కూడా కొనేవాడు కాదు. నేను పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారి రాయడానికి ముఖం చెల్లక, ఆ దుకాణంలోనే కుదురుకున్నాను. లౌడ్‌స్పీకర్లు చెట్లకు కట్టడం, రికార్డులు మార్చడం నా పని. పెళ్ళయినా, జాతరయినా, సభయినా మనుషులు పోగయ్యేదాకా రికార్డులు వేయాలి, అది మైక్ వాళ్ళ ధర్మం. పాట ఆగితే జనం ఆగరు. ముఖ్యులు వచ్చేసరికి మైదానం ఖాళీగా ఉంటే ఆ తప్పు ఉపన్యాసకుడిది కాదు, మైక్ వాడిది.

మరి ఇంగ్లీషు రికార్డులు మా ఊరికి ఎలా వచ్చాయంటారా? కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవాడు. ఏటా వాళ్ళ క్రిస్మస్‌కు మా సెట్టే పోయేది. వాళ్ళ కుటుంబమంతా ఆస్ట్రేలియాకు తరలిపోతూ, ఓడలో బరువెందుకనుకున్నారో ఏమో, ఒక రేకు పెట్టె నిండా రికార్డులు బాపు చేతిలో పెట్టి దండం పెట్టారు. ప్రేమతో ఇచ్చినదాన్ని వద్దనడం బాపుకు చేతగాదు. తెచ్చి మూలన పెట్టి, దాని మీద వైరు చుట్టలు పేర్చాడు.

ఆ పెట్టె తెరిచింది నేను. పేర్లు చదవగలిగినా పలకడానికి నోరు తిరగక, అట్టల మీది బొమ్మలను బట్టి నామకరణం చేసుకున్నాను. నలుగురు కుర్రాళ్ళు మోటారు షెడ్డు షట్టర్ ముందు నిలబడి కోపంగా చూసే రికార్డు పేరు 'షట్టర్ పోరగాళ్ళు'. మొన్న మనుమరాలి ఫోనులో మోగింది వీళ్ళ పాటే. వాళ్ళకు వచ్చినవి రెండు మూడు వరసలే, అవే తిప్పి తిప్పి కొట్టేవారు, పాడడానికి బదులు తగాదా పడుతున్నట్టుండేది. కాని ఆ తగాదాలో ఎంత హుషారు! అమెరికాలో పిల్లలు కార్లు పెట్టుకునే షెడ్లలోనే ఇలా సాధన చేస్తారని అట్ట వెనుక రాసి ఉంటే కూడబలుక్కుని చదివి బాపుకు చెప్పాను. ఆయన వాళ్ళ ముఖాలు పరీక్షగా చూసి, "కారు బాగుజేసే పని సక్కగ నేర్సుకున్నా బతుకుదురు గదరా" అని జాలిపడ్డాడు.

రెండోది 'హోలీ రికార్డు'. అట్ట మీద రంగులన్నీ కరిగి ఒకదానిలోకి ఒకటి కారిపోయేవి. అందులో పాటలు కూడా అంతే. ఒకచోట గొంతు వెనక్కు నడిచేది, ఇంకొకచోట గిటారు తేనెటీగల గుంపులా జుమ్మనేది. మొదటిసారి పెట్టగానే చాచా చేతిలో టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. "అరే బంద్ జెయ్యి బేటా, ఆంప్లిఫయర్ కాలుతున్నది!" అని సెట్టు విప్పేశాడు. వాల్వులు తీసి తుడిచాడు, అతుకులన్నీ మళ్ళీ వేశాడు, బిగించి పెడితే మళ్ళీ అదే జుమ్ము. పాపం, జన్మంతా ఆ గరగరను సెట్టులోంచి తరిమేయడమే ఆయన వృత్తి. అది సెట్టు రోగం కాదనీ, వాళ్ళు కోరి చేసిందేననీ నేను ఎంత చెప్పినా నమ్మలేదు. చివరకు మంచి పాటల రికార్డు ఒకటి అదే సెట్టు మీద నిమ్మళంగా పలికేసరికి నెత్తి పట్టుకుని కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాడు. తరువాత అదే రికార్డులో సితారు వచ్చే పాట ఆయనకు తెగ నచ్చింది. వాయించేవాడికి గురువు దొరకలేదని తిట్టుకుంటూనే, సాయంత్రమైతే అదే పెట్టమనేవాడు.

మూడోది 'నీళ్ళలో ముఖాలు'. మెల్లగా, మత్తుగా, చెరువు గట్టు మీద గాలి తగిలినట్టుండేది. ఇంకా చాలా ఉన్నాయి గాని నాకు ప్రాణం ఈ మూడే. పరీక్ష తప్పినవాడినని బంధువుల ఇళ్ళలో తల వంచుకుని తిరిగే నాకు, ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు మాత్రం నేనూ ఒక మనిషిననిపించేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అయినా నా సంగతే పాడుతున్నారనిపించేది.

అంతలో అరవై తొమ్మిది వచ్చింది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి, గోడల నిండా నినాదాలు, రోజూ ఊరేగింపులు. మా మేనబావ వరంగల్లు చదువు వదిలేసి వచ్చి మానుకోట విద్యార్థులకు పెద్దయ్యాడు. సభలకు మైకు మాదే, కిరాయి ఊసే లేదు. అయితే బావ బాపుకు ఒక మెలిక పెట్టాడు. "మామా, గా తెలుగు సినిమా పాటలు పెట్టకుండ్రి. గా సినిమాలల్ల మన మాట మాట్లాడెటోన్ని జోకర్ని జేస్తరు వాళ్ళు. గవే పాటలు వెట్టి మన సభకు జనాన్ని పిలుద్దుమా?" అన్నాడు. మాట న్యాయంగానే ఉంది, కాని మా సరుకంతా అదే! హిందీవి ఉన్నాయంటే అరిగి అరిగి ఒకే మాట దగ్గర చక్కర్లు కొట్టేవి. భక్తి పాటలు పెడితే హరికథ అనుకుని ముసలమ్మలు చాపలు తెచ్చుకుంటారు. మా మాటలో పాటలు జనం నోళ్ళలో ఉన్నాయి గాని, ఒక్కటీ రికార్డు మీద లేదు.

బాపు ఆలోచించి ఆలోచించి నా పెట్టెకే ఎసరు పెట్టాడు. జనగామలో ఇంకో మైక్ సెట్ ఆయనకు సికింద్రాబాద్ హోటళ్ళ వాళ్ళతో పరిచయం, ఇంగ్లీషు రికార్డులిస్తే బదులు కొత్త హిందీ రికార్డులిస్తానన్నాడట. బేరం కుదిరింది. సభ ముందునాటి రైలుకు మా పెట్టె పోవాలి, వాళ్ళవి రావాలి. నాకు అన్నం సహించలేదు. ఉద్యమం కోసం కదా, కాదనడానికి నోరు రాదు. ఆ పెట్టె పోతే నాకంటూ ఏమీ మిగలదు, ఆ మాట ఎవరితో అనగలను? చాచా ఒక్కడే గ్రహించి, ఆ సాయంత్రం సితారు పాట మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు.

తెల్లవారి పెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషన్‌కు పోతే రైళ్ళు లేవు. పట్టాల మీద విద్యార్థులు బైఠాయించారు, వాళ్ళ ముందు వరసలో మా బావే ఉన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక పెట్టెతో సహా ఇంటికి వచ్చాను. మరునాడు గంజులో సభ. జనగామ రికార్డులు రాలేదు. మా వద్ద మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. బాపు నా వైపు చూడకుండా, "నీ పోరగాళ్ళనే వెయ్ రా ఇగ, ఏంజేస్తం" అన్నాడు.

వేశాను. నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి షట్టర్ పోరగాళ్ళు గంజు మీద పడ్డారు. మిర్చి బస్తాల మీద కూర్చున్న రైతులు లేచి నిలబడ్డారు, ఎద్దులు చెవులు నిక్కించాయి, ఎవరికి దెబ్బలు తగిలాయోనని జనం పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్ళు పోలేదు. ఊరేగింపు కోసం పల్లెల నుంచి వచ్చిన డప్పుల వాళ్ళు కాసేపు తల ఊపి చూశారు. వాళ్ళలో పెద్దాయన, "గిది మన దెబ్బనే గదనే!" అంటూ డప్పు అందుకున్నాడు. ఇక చూడండి! ఆ వరస వీళ్ళకు అచ్చంగా సరిపోయింది. గిటారు గరగర మీద డప్పులు మోగుతుంటే కుర్రాళ్ళు ఈలలు, చిందులు, దుమ్ము. బావ ముందు తెల్లబోయి, తరువాత తానే చిందేశాడు.

వరంగల్లు నుంచి రావలసిన వక్తల జీపు మాత్రం రాలేదు. అదే రికార్డు మళ్ళీ వేయమని కేకలు. అలా వేస్తుండగా ముల్లు మొన విరిగింది. మా సెట్టులో ముల్లుకు రెండు మొనలుండేవి, కొత్త రికార్డులకు సన్నది, పాత లక్క రికార్డులకు లావుది. విరిగింది సన్నది. లావు మొనతో వేస్తే మోగుతుంది గాని, గీతలన్నీ చెక్కేస్తుంది, ఆ రికార్డు మళ్ళీ జన్మలో పాడదు. గంజు ఒక్కసారిగా చప్పబడింది. వెనుక వరసలు కదలడం మొదలుపెట్టాయి. నేను మొన మార్చే మీట మీద చెయ్యి వేశాను. నిన్నటిదాకా ఆ పెట్టెను సాగనంపాలని చూసిన బాపు నా మణికట్టు పట్టుకుని, "వద్దు బిడ్డా, ఖరాబైతది" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకూ ఆగలేదు. అయినా మీట తిప్పాను. షట్టర్ పోరగాళ్ళు బొంగురు గొంతుతో, గీరుకుంటూ, ఇంకా కోపంగా అరిచారు. వెళ్ళబోయినవాళ్ళు వెనక్కు తిరిగారు. జీపు వచ్చేసరికి గంజులో కాలు పెట్టడానికి చోటు లేదు.

రైళ్ళు నడిచాక జనగామ నుంచి కబురొచ్చింది. మా పెట్టె మాకే కావాలని బాపు తిరుగు కబురు పంపాడు. హోలీ రికార్డు, నీళ్ళలో ముఖాలు తరువాత ఎన్నో ఏళ్ళు విన్నాం. షట్టర్ పోరగాళ్ళ రికార్డును మాత్రం చాచా మెత్తటి బట్టతో తుడిచి గోడకు తగిలించాడు.

బాపు, చాచా, బావ అందరూ పోయారు. రాష్ట్రం వచ్చిన రోజున నేను జనగామ చౌరస్తాలో ఉన్నాను. ఎటు తిరిగినా లౌడ్‌స్పీకర్లలో మా మాటే, మా యాసే, మా పాటే. సంతోషంతో రోడ్డు మీదే ఏడ్చాను. ఇప్పుడు సభకు ఏ పాట వేయాలని ఎవరూ తడుముకోనక్కరలేదు, నలుగురూ వినాలంటే ఒకచోట కూడనక్కరా లేదు, ఎవరి చెవిలో వాళ్ళకే పాట. మంచిదే. కాని మా మాటకు ఒక్క రికార్డయినా లేని ఆ కాలంలో, మానుకోట ఎక్కడుందో కూడా తెలియని నలుగురు కుర్రాళ్ళు గొంతు పోయేదాకా మా తరఫున అరిచారు. ఆ సంగతి వాళ్ళకు చెప్పినవాళ్ళెవరూ లేరు.