గద్దె మీదికి రాని మిషన్

శివప్రసాద్ ఏ వస్తువు దగ్గరికి వెళ్లినా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి ఒక తోపు తోస్తాడు. తోసి, తల పక్కకు వంచి, కాసేపు ఆగుతాడు. ఆ తర్వాత ఒకటే మాట.

"ఊగుతున్నది."

కుర్చీ ఊగుతుంది. బస్సు సీటు ఊగుతుంది. పెళ్లిచూపులకు వచ్చిన రోజు పద్మలత కంటే ముందు వాళ్లింటి బీరువాను తోసి చూశాడు. దాని కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాకే పిల్లను పిలవమన్నాడు. పిల్ల ఎట్లున్నదిరా అని తన తల్లి అడిగితే, "నిలకడగున్నది" అన్నాడట. ఆ ఒక్క మెప్పుతోనే పద్మలత ఇన్నేళ్లు కాపురం నెట్టుకొచ్చింది.

జనగామలో ఆయనది హార్డ్‌వేర్ దుకాణం. సాయంత్రం షట్టరు దించి, ఇంటి వెనక గదిలో కూర్చుని వాడకట్టు వాళ్ల మిక్సీలు, పంపులు బాగుచేస్తుంటాడు. ఆ గదికి ఒక మిల్లింగ్ మిషన్ తేవాలని ఆయన కోరిక. ఇనుపముక్కను బిగించిపెడితే, తిరిగే కత్తితో దాన్ని చదునుగా చెక్కి, గాడులు తీసే మిషన్ అది. పని చేసేటప్పుడు అది ఏమాత్రం వణికినా ఇనుము మీద అలలు పడతాయి. తోసి చూసే మనిషికి అంతకన్నా తగిన మిషన్ లోకంలో లేదు.

మిషన్ ఇంకా దొరకలేదు గానీ, దానికోసం గదిలో మంచమంత కాంక్రీటు దిమ్మె మాత్రం పోయించాడు. పద్మలత దాని మీద ఉల్లిగడ్డలు ఆరబోసింది. పక్కింటి భూలక్ష్మి వచ్చినప్పుడల్లా తొంగి చూసేది.

"అమ్మవారికి కట్టినట్టు గద్దె కట్టిన్రు గదక్కా, తల్లి ఎప్పుడొస్తది?"

"తల్లి వస్తనే అంటది. ఈయననే నూకేస్తుండు."

తరిగొప్పులలో చూసిన మిషన్ ఊగింది. చిట్యాలలో ఒకదాన్ని తోస్తే అది ఉన్న షెడ్డు కూడా ఊగింది. ఎగ్జిబిషన్‌లో కొత్త మిషన్ నీలంగా తళతళలాడుతుంటే రెండు చేతులతో నెట్టాడు. అమ్మే మనిషి పరేషాన్ అయ్యాడు.

"సార్, అందరు మోటరెంత, స్పీడెంత అని అడుగుతరు. మీరేంది, బర్రెను నూకినట్టు నూకుతున్రు?"

"బర్రె నయం. కదలదు."

మహబూబాబాద్‌లో మేనకోడలు సాయిప్రియ రిసెప్షన్ నాడు స్టేజీని తోశాడు. ఊగుతున్నదన్నాడు. టెంటుహౌజ్ వాళ్లు కోపానికి వచ్చారు, చుట్టాలు నవ్వారు. భోజనాల దగ్గర ఆయన కనపడలేదు. పద్మలత వెతగ్గా వెతగ్గా స్టేజీ కింద దొరికాడు, ఇస్త్రీ చొక్కాతో, ఇటుకలు ఇరికిస్తూ. పైన అందరూ ఫొటోలు దిగుతున్నారు.

"అన్నం తింటరా లేదా?"

"వియ్యంపురాలు దిగినంక తింట. ఆమె బరువు గీ మూలకే ఉన్నది."

ఈ మధ్య కాటారం నుంచి ఒక ఫొటో ఫోనుకు వచ్చింది. పాత మిల్లింగ్ మిషన్. పోత ఇనుము, ఏనుగు పిల్లలా ఉంది. పద్మలతకు ఓపిక అయిపోయింది. ఆమె కుట్టుమిషన్ వంటింటి మూలన పడి ఉంది. దారప్పోగులు పప్పులో తేలుతున్నాయి.

"గిదే ఆఖరు. గిది గూడ ఊగిందంటే గద్దె నాది. నేను గూడ వస్త, నా కండ్ల ముందట తోయుండ్రి."

ఇద్దరూ బస్సెక్కారు.

ఆ మిషన్ దేవ్యాది. ట్రాక్టర్ల సామాన్లు బాగుచేసిన ముసలాయన. అమ్ముతున్నది ఆయన కొడుకు చరణ్. షెడ్డు ఖాళీ అయితే బిర్యానీ హోటల్ పెడతాడట. దేవ్యా ఉతికిన చొక్కా వేసుకుని, మిషన్‌కు నూనె రాసి, పిల్లను చూపించే తండ్రిలా పక్కన నిలబడ్డాడు. చెయ్యి వణుకుతున్నది. ఆ చెయ్యిని మిషన్ పిడి మీద పెట్టగానే వణుకు ఆగింది.

చరణ్ చాయ్ తెచ్చాడు. పద్మలత తన గ్లాసును మిషన్ బల్ల మీదనే పెట్టింది. శివప్రసాద్ తోశాడు. భుజం ఆనించి మళ్లీ తోశాడు. గ్లాసులో చాయ్ మీద చిన్న ముడత కూడా పడలేదు. గద్దె పోయిందనుకుంది పద్మలత.

శివప్రసాద్ తల పక్కకు వంచాడు. ఈసారి ఆయన చూస్తున్నది మిషన్‌ను కాదు, పిడి మీది చేతిని.

"ఊగుతున్నది," అన్నాడు.

"ఏడ ఊగింది సార్!" చరణ్ మిషన్ మీద గుద్దాడు.

"నీకు తెల్వది బిడ్డా. ఇక్కడికెల్లి కదిలిస్తే ఇంకింత ఊగుతది. ఎవలకన్న అమ్మితే మాట పడ్తవు. నీ బిర్యానీ పొయ్యి షెడ్డు ముందట పెట్టుకో, జాగ బొచ్చెడున్నది."

దేవ్యా ఏదో అనబోయాడు. తన మిషన్ ఊగుతుందన్న మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక విన్నది అదే మొదలు. కోపంతో నోరు తెరిచి, శివప్రసాద్ మొహం చూసి, మూసుకున్నాడు.

"అవు సావుకారి," అన్నాడు మెల్లగా. "జర ఊగుతది."

పద్మలత గ్లాసు తీసుకుని తాగింది. బస్సు భూపాలపల్లి దాటింది.

"చాయ్ కదలలేదు," అంది అప్పుడు.

"చిక్కగున్నది," అన్నాడాయన కిటికీలోంచి చూస్తూ.

తెల్లారి ఆమె లేచేసరికి వంటింటి మూల ఖాళీగా ఉంది. ఉల్లిగడ్డలు గంపలోకి ఎక్కాయి. గద్దె మీద కుట్టుమిషన్, దాని ముందు స్టూలు. శివప్రసాద్ అరచెయ్యి ఆనించి ఒక తోపు తోశాడు. తల వంచి ఆగాడు. ఏమీ అనలేదు.

తర్వాత విరిగిన పంపు ముక్కలు, అరిగిన గేర్లు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"ఏడికి?"

"కాటారం. ఇవన్ని దేవ్యన్నతోని చెక్కియ్యాలె. మిషన్ ఊగుడు తగ్గిందా, అది గూడ జూడాలె."

"తగ్గకుంటే?"

"వచ్చే వారం మల్ల పోవాలె."

పద్మలత అప్పటికే స్టూలు మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నది.

"ఈసారన్న చాయ్ జర పల్చగ పెట్టమనుండ్రి," అంది.