ఖాళీ గదులకు దండ మేకులు

ఇది జరిగిన రోజుల్లో నేను వేలిముద్ర మనిషిని. మా బస్తీలో ఆడవాళ్లకు సాయంత్రం చదువు మొదలుపెట్టినప్పుడు, జుట్టు నెరిశాక పలక పట్టాను. అక్షరాలు వచ్చాక కూడా దీన్ని రాయలేకపోయాను. నేను కాగితం ముందు కూర్చుంటే చాలు, "ఏం రాస్తున్నవే, జర సదువు, నేను గూడ ఇంట" అనేది మా అత్తమ్మ. ఇది ఆమెకు చదివి వినిపించగలిగేది కాదు. ఇప్పుడు ఆమె లేదు.

మా ఆయన ఎడారి దేశానికి మేస్త్రీ పనికి పోయాడు. మొదట్లో ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాడు. తర్వాత నెలకోసారి. ఆ తర్వాత ఆ నంబరే పనిచేయడం మానేసింది. కంపెనీ మూతపడిందని, మనుషులు తలో దిక్కూ పోయారని ఆయనతో పాటు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. అంతకు మించి ఎవరికీ తెలియదు. చనిపోయాడని కబురు లేదు, ఉన్నాడని కబురు లేదు. అట్లా ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లలో కుంకుమ పళ్లెం పట్టుకున్న ఆడవాళ్లు నా దాకా వచ్చి ఒక్క క్షణం ఆగేవాళ్లు. బొట్టు పెట్టాలో, దాటిపోవాలో వాళ్లకు తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు.

ఏటా పెత్రమాస వచ్చిందంటే మా ఇంట్లో లొల్లి. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్యనాడు, పోయినవాళ్ల పేరు చెప్పి గుడి దగ్గర అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. మా మామ పేరు మీద ఇస్తూనే ఉన్నాం. మా ఆయన పేరు కూడా చెబుదామని నేనే అనేదాన్ని. ఆయన మీద మనసు లేక కాదు. ఏదో ఒకటి తేలిపోతే చాలనిపించేది.

"నా కొడుకు పేరు అయ్యగారి నోట్ల పడ్డదంటే నువ్వు నా ఇంట్ల ఉండవ్," అనేది అత్తమ్మ. "వాడు ఆడ ఏసీ రూంల కాళ్లు సాపుకొని పండుకున్నడు. నీ నోటికి భయపడి ఫోన్ చేస్తలేడు."

అప్పట్లో నేను దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఫోటో ఫ్రేముల దుకాణంలో పనిచేసేదాన్ని. అద్దం తుడవడం, వెనక అట్ట బిగించడం, మేకులు కొట్టడం నా పని. పెద్ద సైజులో మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పోయినవాళ్ల ఫోటోలే. వాటికి ఫ్రేము పై మూలల్లో రెండు చిన్న ఇత్తడి మేకులు కొడతాం, దండ వేలాడదీయడానికి. బతికున్నవాళ్ల ఫోటోకు అవి పొరపాటున కూడా కొట్టకూడదు. దుకాణం భాయ్‌ది. ఆయన ముస్లిం. వాళ్లలో ఫోటోలకు దండలు వేసే అలవాటు లేదు కాబట్టి, ఆ మేకుల సంగతి నాకే వదిలేసేవాడు.

ఆ ఏడు పెత్రమాసకు కొన్ని రోజుల ముందు, మలక్‌పేట నుంచి ఒక ఫోటోగ్రాఫర్ వచ్చింది. చదువుకున్న పిల్ల, మెత్తటి మాట. చుట్టచుట్టిన పెద్ద ఫోటోలు ఇచ్చిపోయింది. "పెద్ద పని అక్కా, జర మంచిగ చెయ్," అని మాత్రం అన్నాడు భాయ్.

విప్పి చూశాను. అన్నీ ఎడారిలో ఇళ్లు, గదులు. ఒక్క మనిషీ లేడు. కిటికీ సగం దాకా ఇసుక. ఒక గదిలో ఇసుక గుమ్మం దాటి లోపలికొచ్చి ఇనుప మంచాల కోళ్లను ముంచేసింది. గోడకు ఇంకా ఒక అంగీ వేలాడుతోంది. వెలుతురు మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. పొద్దున్నే నీళ్లు చల్లిన వాకిలి మీద పడే వెలుతురు అది. ఆ గది అంత అందంగా కనిపిస్తుంటే ఫోటోను మళ్లీ చుట్టేశాను.

ఇవి పోయినవాళ్ల గదులు అనుకున్నాను. మనిషి ఫోటో దొరక్క, ఇంటివాళ్లు గది ఫోటోకే ఫ్రేము కట్టించుకుంటున్నారనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అన్నిటికీ దండ మేకులు కొట్టాను.

పెత్రమాస ముందురోజు ఆమె ఫ్రేముల కోసం వచ్చింది. ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"పైన ఈ మేకులేంటి?"

భాయ్ నా వైపు చూశాడు.

"దండకు మేడం," అన్నాను. "పోయినోళ్లకు ఏస్తం గద."

"యా అల్లా!" భాయ్ నెత్తి పట్టుకున్నాడు. "అక్కా, ఎగ్జిబిషన్‌కు అవి! గోడకు పెడ్తరు, జనం టికెట్ కొని చూస్తరు. ఇండ్లకు దండలేస్తరా ఎవరన్న? రేపు చార్మినార్‌కు గూడ ఏస్తవా?"

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. "ఈ గదుల్లో ఉన్నవాళ్లెవరూ చనిపోలేదమ్మా. పని అయిపోయింది, వదిలేసి వెళ్లిపోయారు. అంతే."

"యాడికి పోయిన్రు?"

"వేరే చోటికి. లేకపోతే ఇంటికి."

"మీరు చూసిన్రా మేడం, ఇంటికి పోంగ?"

ఆమె ఫ్రేమును కిందికి దించింది. "లేదు," అంది. "నాకు తెలియదు."

"తెల్వకుంటనే తీసిన్రా?"

"బస్ అక్కా," అన్నాడు భాయ్ నెమ్మదిగా. అప్పటికే ఆయనకు అర్థమైంది. మా ఆయన సంగతి ఆయనకు తెలుసు.

పటకారుతో మేకులన్నీ పీకాను. రంధ్రాల్లో లప్పం పెట్టి, పైన రంగు వేశాను. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. పోయేటప్పుడు, పాడైపోయిన ఫోటో ఏదైనా ఉంటే ఇవ్వమని అడిగాను. ఎందుకని అడిగితే మా ఆయన సంగతి చెప్పాను. అంచు నలిగిన చిన్నది ఒకటి సంచిలోంచి తీసి ఇచ్చింది. మంచాల గదిది.

అత్తమ్మకు చూపించాలనే తెచ్చాను. ఏసీ రూం అంటావు కదా, చూడు అని. ఆ కోపంతోనే దాన్ని ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ట్యూబ్‌లైటు కిందికి జరిగి, ఫోటోను కళ్ల దగ్గరికి పెట్టుకుంది.

"ఈడనా ఉన్నది వాడు?"

"గీదాంట్లనే గాదు. గిసొంటి దాంట్ల."

"ఫ్యాను గూడ లేదు." మంచం దగ్గరి ఇసుకను వేలితో తుడిచింది, పోతుందేమోనన్నట్టు. "ఇంత ఇసుక వస్తె ఎట్ల పండుకుంటరే?"

ఆమె ఫోటోను బోర్లా పెట్టింది.

"రేపు వాని పేరు గూడ చెప్పు, బిడ్డా."

ఏళ్లుగా నేను అడిగిన మాట అది. తీరా ఆమె అన్నాక నాకు అది వద్దనిపించింది. ఆయన బతికే ఉన్నాడని నమ్మే పని ఇన్నాళ్లూ ఆమె చేసింది. ఆమె చేస్తుంది కాబట్టే, పోయాడేమో అనుకునే వీలు నాకు దొరికింది. ఇప్పుడు ఆమె ఆ పని మానేసింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

తెల్లారి తలస్నానం చేసి రెండు మూటలు కట్టుకుని గుడికి పోయాను. మామ పేరు చెప్పి మొదటి మూట ఇచ్చాను. అయ్యగారు రెండో దాని కోసం చెయ్యి చాపాడు.

"వీరి పేరు?"

వెనక ఆడవాళ్లు "జల్ది చెప్పమ్మా" అంటూ తోస్తున్నారు.

"ఒక్క పేరే అయ్యగారూ."

"మరి ఇది?"

"ఇది మా ఇంటికి."

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడప మీద కూర్చుని ఉంది. నా చేతిలో మూట చూసింది.

"చెప్పలే?"

"చెప్పలే."

మూటను చేత్తో తడిమింది. "బీరకాయ పొట్టు పారెయ్యకు. తొక్కు నూరుత," అంది.

మూట విప్పి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. కత్తిపీట తెచ్చుకుని బీరకాయలు చెక్కడం మొదలుపెట్టాను.