మీదింటాయన వేసిన ముడి

నా చేతిరాత కోడిగీతల్లా ఉంటుంది. ముందుగానే క్షమించమని అడుగుతున్నాను. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులు దిద్దుతామని పత్రికవాళ్లు అన్నారు. వాళ్ల కళ్లు తప్పించుకున్నవాటిని మీరే సర్దుకుని చదువుకోండి.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా కోడలు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఫోన్ చూస్తోంది. తను సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఉన్నట్టుండి, "మామా, మీ మీదింటాయన ఆఫ్ అయిపోయిండంట" అంది. మనిషి పోతే ఇక్కడివాళ్లు అలాగే అంటారు. నేను ఉలిక్కిపడి పైకప్పు వైపు చూశాను. గోడాదరాలో మేముండే ఇంటిపైన ఒక ఒడియా కుటుంబం ఉంటుంది. ఈ కరోనా రోజుల్లో ఏ గుమ్మంలో ఏ వార్త వినాల్సి వస్తుందోనని అందరికీ భయమే కదా.

"గాళ్లు కాదు మామా. టీవీల ఆయన. నువ్వు ఎప్పుడూ చెప్తవు చూడు, గాయన."

వార్త నాలుగు వరుసలు. పాత హిందీ హాస్య సీరియల్‌లో పైగది అద్దెదారు వేషం వేసిన నటుడు జ్వరంతో ముంబై ఆసుపత్రిలో చేరాడు, తిరిగి ఇంటికి రాలేదు. అంతే. కోడలితో రెండుసార్లు చదివించుకున్నాను. ఆయన ఎక్కడ పుట్టాడో, నటన కంటే ముందు చేతులతో ఏ పని చేశాడో అందులో లేదు. నాకు కావలసింది అదొక్కటే.

నేను సిరిసిల్ల దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చి సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరిన రోజుల్లో ఆ సీరియల్ వచ్చేది. వారానికి ఒక సాయంత్రం. పగటి పాలీ, అదే షిఫ్టు, దిగి, మొహం కడుక్కుని, కార్ఖానా ఎదుటి చాయ్ హోటల్‌లో బెంచీల మీద కూర్చునేవాళ్లం. ఒక మొగుడూ పెళ్లాల ఇంట్లో జరిగే కథ. పైగదిలో ఉండే ఈయన ప్రతి వారం ఏదో ఒక వస్తువు పట్టుకుని మెట్లు దిగి వచ్చేవాడు. ఒక వారం గరిటె, ఒక వారం ఒంటి చెప్పు, ఇంకో వారం గొడుగు పిడి. గుమ్మం బయటే నిలబడి రెండుసార్లు దగ్గేవాడు. తర్వాత, "నాది కాదు, కాబట్టి మీదే అయి ఉంటుంది" అనేవాడు. ఆ వస్తువు వాళ్లదీ కాదు. అయినా చాయ్ తాగేదాకా కదిలేవాడు కాదు. మేం ఆయనకు మీదింటాయన అని పేరు పెట్టుకున్నాం.

మిగతావాళ్లు గబగబా మాట్లాడేవాళ్లు. అప్పటికి మాకు వచ్చిన హిందీ అంతంత మాత్రమే. ఈయన మాత్రం ఒక్కో మాట విడివిడిగా, తూచినట్టు పలికేవాడు. నాకు నలుగురిలో నోరు లేవదు. సేఠ్ దగ్గరికి సెలవు అడగడానికి వెళ్లి, గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి వచ్చిన రోజులున్నాయి. మీదింటాయనను చూశాకే, రెండుసార్లు దగ్గి లోపలికి పోవడం నేర్చుకున్నాను. ఆ దగ్గు నాకు ఎన్ని పనులు చేసిపెట్టిందో చెప్పలేను. కార్ఖానాలో ఎవరికైనా కింద పడిన దారపు బాబిన్ దొరికితే, "నాది కాదు, కాబట్టి మీదే" అంటూ ఎదుటివాడి చేతిలో పెట్టేవాళ్లం. నవ్వుకోవడానికి అదే సరిపోయేది.

ఒక వారం ఇంటావిడ చొక్కాకు గుండీ కుడుతోంది. ఈయన గుమ్మం దగ్గర ఏదో చెబుతున్నాడు. ఆవిడ దారం పుటుక్కున తెగింది. ఈయన మాట ఆపలేదు, దారం వైపు చూడనూ లేదు. చెయ్యి చాపి తెగిన రెండు కొసలు అందుకుని, బొటనవేలి మీద ఒక మెలిక తిప్పి ముడి వేసి, రెండు వేళ్ల మధ్య నలిపి వదిలేశాడు. కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

హోటల్‌లో మా బెంచీలు ఒక్కసారి లేచాయి. కుట్టుపనివాడు తెగిన దారాన్ని అతకడు. పారేసి కొత్త దారం ఎక్కిస్తాడు. తెగిన కొసల్ని వదిలిపెట్టలేనిది నేతపనివాడు. పైగా అది సాంచా మీద మేం రోజుకు వందసార్లు వేసే ముడే.

"మనోడే!" అని నేనే అరిచాను. నేను అంత గట్టిగా అరవడం చూసి హోటల్ ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

పక్కనే నా గది సోపతి రాజమల్లు ఉన్నాడు. మాది పక్కపక్క ఊళ్లు, వరసకు బావ. అతను కదలకుండా కూర్చుని, "అరె, గంతగనం ఒర్రకు బావా. మొఖం ఆయనది, చేతులు ఇంకోనియి. టీవీ అంటే గిట్లనే ఉంటది" అన్నాడు.

"నేను సూసిన. చేతులు ఆయనయే."

"నువ్వు సేఠ్ మొఖమే సక్కగ సూడవు, గాయన చేతులు సూసినవా?"

ఆ తగువు ముప్పై ఏళ్లు నడిచింది. ఎప్పుడు గుర్తొచ్చినా ఇద్దరం మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లం.

తేల్చుకునే అవకాశం ఒకసారి వచ్చింది. మీదింటాయన ఒక చీరల దుకాణం ప్రారంభానికి సూరత్ వస్తున్నాడని తెలిసింది. రాజమల్లు నా సాంచాలు కూడా తానే చూసుకుంటానని నన్ను పంపించాడు. జేబులో బారెడు పోగు పెట్టి, "తెంపి ఆయన చేతుల పెట్టు. ఏం మాట్లాడకు. నీకు మాటలు రావు గద" అన్నాడు.

జనం తోసుకుంటూ ఉంటే నేను అనుకోకుండా ఆయన ముందే పడ్డాను. టీవీలో కంటే పొట్టి మనిషి. నా చెయ్యి జేబులో ఉంది, పోగు వేళ్లకు తగులుతోంది. బయటికి తీయలేకపోయాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, నా చొక్కాకు అంటుకున్న పోగు ముక్క ఒకటి తీసి, వేళ్ల మధ్య నలుపుతూ అడిగాడు:

"దిన్ పాలీయా, రాత్ పాలీయా?"

"దిన్ పాలీ" అన్నాను.

"మరి ఈ వేళప్పుడు ఇక్కడేం చేస్తున్నావు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంతలో ఆయనను లోపలికి తీసుకుపోయారు.

తిరిగి రాగానే రాజమల్లు, "అడిగినవా?" అన్నాడు.

"ఆయనే నన్ను అడిగిండు. పగటి పాలీయా, రాత్రి పాలీయా అని. సాంచా నడిపినోడు కాకపోతే ముందుగాల గదే ఎందుకు అడుగుతడు బావా?"

"సూరత్‌ల కుక్క గూడ గదే అడుగుతది. పోగు ఏది?"

పోగు జేబులోనే ఉంది. ఆ వారమంతా నాతో సరిగా మాట్లాడలేదు.

నాలుగేళ్ల కిందట మోకాళ్లు అరిగిపోయి రాజమల్లు ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. పల్సానాలో మా కొడుకు పనిచేసే కార్ఖానా మూతపడింది. సూరత్‌లో సాంచాల చప్పుడు లేని పగళ్లు నేను అంతకుముందు ఎరగను. మాట్లాడితే గొంతు మరీ పెద్దగా వినిపించేది. అప్పుడే టీవీలో ఆ పాత సీరియల్ మళ్లీ వేశారు. అక్కడ బావ, ఇక్కడ నేను, ఫోన్లు చెవికి పెట్టుకుని చూసేవాళ్లం. గుండీ కుట్టే రోజు రానే వచ్చింది. నేను టీవీకి మూరెడు దూరంలో కూర్చున్నాను. దారం తెగింది. మొహం, భుజం, మోచెయ్యి, వేళ్లు అన్నీ ఒక్కచోటే కనబడ్డాయి. ముడి వేసింది ఆయనే.

ఫోన్‌లో అవతల బావ టీవీ ఆపిన చప్పుడు వినబడింది.

"సరే. చేతులు ఆయనయే" అన్నాడు బావ. వెంటనే, "మరి నేర్పినోడెవడు? అయ్య నేర్పిండా, ఆయనే సాంచా నడిపిండా, లేకపోతే మనసొంటోడెవడన్న సూపెట్టిండా? నువ్వు ఆయనకే ఉత్తరం రాయి. మాటలు రావుగని అక్షరాలు వస్తయి గద" అన్నాడు.

రాయడం మొదలుపెట్టాను. మేం ఇల్లు మారే ఆలోచనలో ఉన్నాం కనుక, జవాబు బావ ఇంటికే పంపమని రాయాలనుకున్నాం. పోస్టుకార్డు మీద 'నమస్కారం' అని రాసి ఆగిపోయాను. అంత పెద్ద మనిషిని 'మీరు కూలిపని చేశారా' అని ఎలా అడగడం? ఒక కార్డు పాడైంది, ఇంకోటి పాడైంది. ఏడాది గడిచింది. రెండోసారి జబ్బు ఊళ్లను చుట్టేసినప్పుడు బావ పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి వచ్చిన రోజు మాట సగం ఊపిరిలోనే కలిసిపోతోంది.

"ఉత్తరం ఏసినవా?" అన్నాడు.

"ఏసిన" అన్నాను.

అప్పటి నుంచి బావ రోజూ పోస్టాయన వచ్చే వేళకు, పదకొండు గంటలకు, అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నాడు. మంచం నుంచి అరుగు దాకా రావడానికి గోడ పట్టుకుని పావుగంట పడుతుందని బావ భార్య, నాకు చెల్లె వరస, చెప్పింది. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఇంక రాలే బావా. పెద్దోళ్లు గద, తీరిక ఉండదు" అని నాకే ధైర్యం చెప్పేవాడు.

వార్త తెలిశాక రెండు ఆదివారాలు ఏమీ చెప్పలేకపోయాను. మూడో ఆదివారం నేనే ఫోన్ చేశాను. రెండుసార్లు దగ్గి, మీదింటాయన పోయాడని చెప్పాను. ఉత్తరం వేయలేదని కూడా చెప్పాను.

"నాకు ఎరుకే" అన్నాడు బావ.

"ఎట్ల?"

"నువ్వు ఏసిన అన్నప్పుడు జర గూడ తడబడలే. నిజం చెప్పేటప్పుడు నువ్వు గట్ల చెప్పవు."

"మరి రోజూ అరుగు మీద ఎందుకు కూసుంటున్నవ్?"

"డాక్టర్ నడువుమన్నడు. ఊకెనే ఎవడు నడుస్తడు? దేనికోసమన్న పోవాలె గద. ఇప్పుడు పోస్టాయన అలవాటైండు. ఉత్తరం లేకుంటే బండి ఇంజన్ బంద్ చెయ్యకుంటనే ఒక మాట అని పోతడు. ఉత్తరం ఉన్నోళ్ల ఇంటికాడ బంద్ చేసి దిగుతడు." కాస్త ఊపిరి తీసుకుని, "ఆయన పోయినా ఆయనతోని వేషాలు ఏసినోళ్లు ఉంటరు, ఇంటోళ్లు ఉంటరు. పేపర్ల రాయి బావా. ఈసారి నిజంగ రాయి" అన్నాడు.

అందుకే రాశాను. మీదింటాయనను దగ్గరగా ఎరిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆ ముడి ఆయనకు ఎక్కడిదో ఒక కార్డు ముక్క మీద రాయండి. మా లెక్క తప్పయినా సరే, రాయండి. పత్రికవాళ్లకు పంపితే బావ ఇంటికి చేరుస్తామన్నారు. ఆలస్యం చేయకండి. వాళ్ల అరుగు ముందు ఆ బండి ఇంజన్ ఒక్కసారి బంద్ కావాలి.