బాయిల నీళ్లు పడ్డయ్

ఒకే ఒక్క మాటతో గోదావరిఖనిలో సగం కాలనీని ఉరికించిన ఘనత నాది. డెబ్బైల నాటి సంగతి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, తాత్కాలిక సైన్సు టీచరు ఉద్యోగం, తలనిండా జుట్టు, దాని కింద మాత్రం బోలెడంత ఖాళీ.

ఆ గురువారం ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి నా పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే పెట్టె సర్దుకొని మంథని బస్సెక్కడమే. పాఠం నాడీకణాలు.

"కణానికీ కణానికీ నడుమ సన్నని సందు ఉంటది. మాట ఆ సందు దాటాలంటే రసాయనం మోసుకపోవాలె. కొన్ని చోట్ల కణాలు ఒకదానికొకటి అతుక్కొని, నడుమ చిన్న దారులుంటయ్. అక్కడ కరెంటు సీదా పోతది, జల్ది పోతది" అన్నాను, వెనక బెంచీలో కూర్చున్న ఇన్‌స్పెక్టర్ గారికీ వినబడేలా.

చెబితే చాలదని ఆడించి చూపించాను. పిల్లలు వరుసగా చేతులు పట్టుకొని పక్కవాడి చెయ్యి నొక్కితే కరెంటు. రెప్పపాటులో ఆ చివరికి చేరింది. తర్వాత నల్లబల్ల నుంచి గేటు దాకా నలభై మందిని ఎడంగా నిలబెట్టాను. పక్కవాడికి పిప్పరమెంటు ఇచ్చి, చెవిలో మాట చెప్పాలి. పిప్పరమెంటే రసాయనం. గేటు దగ్గర చివరిగా నిలబడ్డ సరోజ ఆ మాటను గట్టిగా అరవాలి.

ఏ మాట పంపాలి? పొద్దున్నే నాన్న ఉత్తరం వచ్చింది. రెండు వేసవులు తవ్విన మా పెరటి బావిలో జల పడిందట! ఆ సంతోషంలో మొదటివాడి చెవిలో ఊదాను: "బాయిల నీళ్లు పడ్డయ్."

మంథనిలో బాయి అంటే బావి. ఇక్కడ బాయి అంటే బొగ్గు గని. గనిలోకి నీళ్లు రావడమంటే ఇంటింటా గుండె ఆగే కబురు. నాలుగు నెలలుగా ఆ ఊరి నీళ్లు తాగుతూ కూడా నాకది తట్టలేదు చూడండి! పిల్లలకైనా తట్టలేదు, వాళ్ల ధ్యాసంతా పిప్పరమెంటు మీదే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నా విషయంలో నలభై నోళ్లు వరుసగా జారాయి.

సరోజ అరిచింది. ఎదుటి నల్లా దగ్గర నీళ్లు పడుతున్న వాళ్లమ్మ రాజమ్మ బిందె వదిలేసి ఉరికింది. ఆమె భర్త మల్లయ్య ఫస్టు షిఫ్టులో గని లోపలున్నాడు. ఆమె వెనక వీధి వీధంతా ఉరికింది.

నేను గేటు దగ్గరికొచ్చి ఒక ముసలాయన్ని ఆపాను. "ఏమైంది కాకా?"

"బాయిల నీళ్లు పడ్డయట సారూ!"

"నీకెట్ల తెలిసింది? మా నాయిన నీకు గూడ ఉత్తరం రాసిండా?"

ఆయన నన్ను చూసిన చూపుకి అప్పుడు వెలిగింది బల్బు. నేనూ గని వైపు పరుగు, నా వెనక ఇన్‌స్పెక్టర్ గారు, ఆయన వెనక సరోజ.

షిఫ్టు దిగి మల్లయ్య నల్లటి మొహంతో పైకొచ్చాడు. "ఏందే, గిట్ల ఉరికొచ్చినవ్?"

రాజమ్మ అతని భుజం మీద ఒక్కటిచ్చి భోరుమంది. ఆ ఏడుపు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"గా మాట ఎవ్వలు పుట్టిచ్చిండ్రు?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"నేనే అక్కా. మంథనిల మా ఇంటి బాయి..."

ముందు మల్లయ్య నవ్వాడు, తర్వాత అందరూ.

ఇన్‌స్పెక్టర్ గారు ఆయాసపడుతూ సరోజను అడిగారు. "ఏం నేర్చుకున్నావమ్మా?"

"రసాయనంతోటి మాట మెల్లగ పోతది సార్. కరెంటుతోటి జల్ది పోతది. మా తరగతి రసాయనం."

"మరి కరెంటు?"

"మా అవ్వ సార్," అంది తల్లి వైపు వేలు చూపిస్తూ. "మా అవ్వకు సందే లేదు."

ఆ జవాబే నా ఉద్యోగాన్ని పర్మినెంటు చేసింది. మిగిలిన రెండు పిప్పరమెంట్ల సాక్షిగా ఆ సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాను: బొగ్గు ఊరిలో నీళ్లున్న ఏ గుంతనూ ప్రాణం పోయినా బాయి అనను. నాన్నకు జవాబు రాశాను: "నీళ్లు పడ్డందుకు చాలా సంతోషం. ఎందులో పడ్డాయో మాత్రం ఇక ఇక్కడ ఎవరికీ చెప్పను."