కాగితం మీద అరచెయ్యి

ఏడో తరగతిలో లెక్కల్లో మొదటి ర్యాంకు ఆ పిల్లదే. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి, జడ వెనక్కి విసిరి, తోటివాళ్ళ కోసం పాఠం వీడియో తీస్తుంది. అంకెలు ముత్యాల్లా ఉంటాయి. భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని తిరగేసే చోట మాత్రం అరచెయ్యి కాగితాన్ని కప్పేస్తుంది. అదీ అందరికీ తెలిస్తే ఇక తన ర్యాంకేం కావాలి?

ఈసారి లెక్కల పరీక్ష తప్పితే కింది సెక్షనుకు దించేస్తామన్నారు టీచర్లు, పక్కన కూర్చునే నేస్తాన్ని. ఆమె ఆ వీడియోనే పదిసార్లు చూసి రాసింది, తప్పింది.

"అక్కడ నీ చెయ్యి అడ్డొచ్చిందే. ఏం చేశావో కనబడలేదు."

"అడగొచ్చుగా, మొద్దూ. నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"మాకోసం ఇంత చేస్తున్నావు, ఇంకా విసిగించడమెందుకనీ..."

నేస్తం సంచీ సర్దుకుని కింది సెక్షనుకు వెళ్ళిపోయింది. ఖాళీ అయిన చోట కిటికీ వెలుతురు బాగా పడుతోందని, ఆ పిల్ల ఫోనును అక్కడికి జరుపుకుంది.