బాపు గదిలో బాలెంత పిల్లి

తెలంగాణ ఉద్యమం లేచి కాలేజీలు మూతపడ్డ ఆ అరవై తొమ్మిదిలో నేను హన్మకొండ హాస్టల్ నుంచి ట్రంకుపెట్టె మోసుకుని జనగామలోని మా ఇంటికి వచ్చేశాను. ఊళ్లో రోజూ ఊరేగింపులే. మా ఇంట్లో మాత్రం ఉద్యమం ఇంకా గడప బయటే నిలబడి ఉంది. మా నాన్న, మేం పిలిచే బాపు, పక్క పల్లెలో భూములున్న మనిషి. జనగామలో ఇల్లు కట్టుకుని, నలుగురి పంచాయతీలు తీర్చే పటేల్‌గా, పెద్దమనిషిగా చెలామణి అవుతుండేవాడు. ఉద్యమంలోకి దిగాలా, సర్కారు వైపు నాయకులతోనే ఉండాలా అన్నది ఆయన తేల్చుకోలేదు. "గాలి ఎటు మల్లుతదో జర చూద్దాం" అంటూ వసారాలో కూర్చుని గాలి కోసం ఎదురు చూసేవాడు.

గాలి మళ్లకముందే పిల్లి వచ్చింది.

బాపు నలుగురినీ కూర్చోబెట్టుకుని మాట్లాడే గదిలో ఒక గోడ అల్మారా ఉండేది. దాని కింది అరలో, ఇస్త్రీ చేసి పెట్టిన కండువాల మీద అది మూడు పిల్లల్ని పెట్టింది. బూడిదరంగు ఒంటి మీద నల్ల చారలు, ఒక చెవి చిరిగిపోయి ఉండేది. స్టేషన్ పక్క గోదాముల్లో ఎలుకల మీద బతికే పిల్లి. మనిషి నీడ పడితే గోడ దూకేది. ఆ సంగతేమీ తెలియని బాపు ఏదో మీటింగుకు పోదామని కండువా కోసం అరలో చేయి పెట్టాడు. చేయి బయటికి వచ్చేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రగా గీతలు పడి ఉన్నాయి. ఆయన తలుపు దగ్గరికి లాగి, బయట గొళ్లెం పెట్టి, "పిల్లి గాదది, పులి" అన్నాడు.

దవాఖానకు పోయి సూది వేయించుకున్నాడు. అంత పెద్దమనిషి చేతికి చిన్న పట్టీ కడితే మర్యాద కాదనుకున్నాడేమో, అక్కడి కాంపౌండరు మోచేతి పైదాకా గుడ్డ చుట్టి, చేతిని మెడకు వేలాడగట్టి పంపాడు. అంతకు ముందు రోజే స్టేషన్ దగ్గర పోలీసులకూ విద్యార్థులకూ గొడవై కొందరికి దెబ్బలు తగిలాయి. బాపు తిరిగొచ్చే దారిలో చౌరస్తాలో నిరాహారదీక్ష టెంటు ఉంది. కట్టు కట్టిన చేతిని చూసి ఎవరో "పటేల్ గూడ దెబ్బలు తిన్నడు" అన్నారు. బాపు అవుననలేదు, కాదనలేదు. ఆయన్ను ఎత్తి వేదిక మీద నిలబెట్టారు. దెబ్బలకు వెనకాడేది లేదని నాలుగు మాటలు చెప్పాడట. ఏ దెబ్బో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పొద్దున దాకా గాలి కోసం చూసిన మనిషి మధ్యాహ్నానికి మెడ నిండా దండలతో, వెనక జనంతో ఇంటికి వచ్చాడు.

మా అవ్వ, అంటే బాపు తల్లి, గడపలోనే కూర్చుని ఉంది. దండలను చూసి కళ్లు చికిలించింది.

"ఏందిరా గీ పూలు? గా పిల్లి..."

"అత్తమ్మా, జర లోపలికి రా. పాలు పొంగుతున్నయ్" అని అమ్మ ఆమెను రెక్క పట్టుకుని లేపుకొచ్చింది. అప్పటికి మా పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది.

సాయంత్రం జనం పోయాక బాపు తీర్పు చెప్పాడు. పిల్లినీ కూనలనూ గోనెసంచిలో వేసి పట్టాల అవతల వదిలిపెట్టి రావాలి. "అది ఎక్కడి పిల్లో ఏమో. మనదైతే గాదు."

"తల్లి ఎక్కడిదైతేంది? పిల్లలు గీ ఇంట్ల పుట్టినయ్. అవి ముల్కీలే" అంది అవ్వ. ముల్కీలకే, అంటే ఇక్కడ పుట్టినవాళ్లకే, నౌకరీలు ఇవ్వాలని ఊరంతా అరుస్తున్న రోజులవి. అయినా బాపు సంచి తెమ్మన్నాడు. అప్పుడు అవ్వ గొంతు పెంచకుండా అంది: "బాలెంతను ఎల్లగొడ్తవా? ఎల్లగొట్టు కొడకా. నేను గడప మీద కూసోని, వచ్చేటోనికి పోయేటోనికి నీ చెయ్యి ఎవ్వరు గీరిన్రో చెప్త."

సంచి ప్రస్తావన మళ్లీ రాలేదు. బాపు సభలు వసారాలోకి మారాయి. గదికి సున్నం వేయిస్తున్నామని వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఆ సున్నం ఎండాకాలమంతా ఆరలేదు.

కాలేజీ లేక ఖాళీగా ఉన్నాను కాబట్టి పిల్లిని మచ్చిక చేసే పని నా మీద పడింది. అవ్వ నాకు గురువు. "దాని మొఖం దిక్కు చూడకు బిడ్డా. నీ పని నువ్వు చేస్కుంట కూసో. అదే నిన్ను చూస్తది" అని చెప్పింది. చిప్పలో అన్నం, కాల్చిన ఎండుచేప కలిపి పెట్టేదాన్ని. మొదట్లో నేను తలుపు వేసి పోయాకే ముట్టేది. తర్వాత నేను గడప దగ్గర కూర్చున్నా తినడం మొదలుపెట్టింది, కానీ తింటున్నంతసేపూ గొంతులో గుర్రుమనేది. నేను దానికి వీపు పెట్టి నా రాజనీతి శాస్త్రం పుస్తకం పైకి చదివేదాన్ని. పౌరుల హక్కుల దగ్గరికి వచ్చేసరికి అది ఆవులించేది. అమ్మ గొణిగేది: "ఉద్యమం పేరు మీద చదువు ఒడిసింది. పిల్లి పేరు మీద ఎండుచేపలు ఒడుస్తున్నయ్."

ఒక పొద్దున అల్మారా ఖాళీగా కనబడింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, కిటికీలోంచి పోయిందనుకుని బాపు మొహం వెలిగింది. తీరా చూస్తే కూనలు మూడూ అదే గదిలో బాపు పడక కుర్చీలో ఉన్నాయి. నాయకులు వచ్చినప్పుడు ఆయన కూర్చునే కుర్చీ అది. ఇక ఏడిళ్ల యాత్ర అక్కడితో ఆగిపోయింది. "కుర్చీ ఎక్కినోళ్లు దిగుతరా బిడ్డా" అంది అవ్వ.

కూనలు తల్లికంటే ముందే లొంగాయి. పాలలో ముంచిన వేలు నాకి, గుడ్డపీలిక వెంట పరిగెత్తి, నా ఒళ్లోకి ఎక్కేవి. తల్లి దూరం నుంచి చూస్తుండేది. ఒక మధ్యాహ్నం చదువుతూ ఉంటే మోచేతికి ఏదో వెచ్చగా రాసుకుంది. అదే. చిరిగిన చెవితో ఒకసారి రుద్ది, నా పక్కనే పడుకుంది. చేయి తిమ్మిరెక్కినా నేను కదల్లేదు. ఆ సంతోషం ఎవరికి చెప్పినా నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే వరంగల్ నుంచి ఒక పెద్ద నాయకుడు బాపును చూడడానికి వచ్చాడు. బాపు చేతి కట్టు అప్పటికే విప్పేశాడు, ఆ నాయకుడి తలకు మాత్రం కట్టు ఉంది. రహస్యంగా మాట్లాడాలంటూ, సున్నం మాట వినిపించుకోకుండా నేరుగా గదిలోకి నడిచాడు. కుర్చీలో ఉన్న కూన ఒకటి దూకి ఆయన ధోవతి పట్టుకుని ఎక్కసాగింది. బాపు కంగారుగా దాన్ని లాగబోయాడు. తల్లి ఎక్కడి నుంచి వచ్చిందో, మళ్లీ అదే చేతి మీద గీరింది. నాయకుడు కొత్త గీతలను చూశాడు. వాటి పక్కన మానిన పాత గీతలనూ చూశాడు.

"ఓహో. నీది స్టేషన్ దెబ్బ గాదన్నట్టు" అన్నాడు.

బాపు తల వంచుకున్నాడు. నాయకుడు తలుపు దగ్గరికి వేసి, మంచినీళ్లు తెచ్చిన నన్ను లెక్కచేయకుండా, మెల్లగా అన్నాడు: "ఫికర్ జెయ్యకు తమ్మీ. నేను గూడ తానాల రూంల జారి పడ్డ."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. అప్పటి నుంచి వాళ్లది విడదీయరాని స్నేహం. ఉద్యమం చల్లబడ్డాక సర్కారు వైపుకు కూడా కలిసే పోయారు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ ఒక్క మాట అంది. "స్టేషన్ కాడ నిజంగ చెయ్యి ఇరిగిన పిలగాడు మన ఎనుక గల్లీలనే పండుకున్నడు. వానికి ఒక్క దండ పడలే."

మర్నాడు బాపు ఆ ఇంటికి బయలుదేరాడు. వాళ్లింట్లో ఎలుకల బాధ ఉందని అమ్మ చెప్పగా, బాగా మచ్చికైన కూనను బుట్టలో పెట్టుకుని నేనూ వెంట పోయాను. ఆ విద్యార్థి మంచం మీద ఉన్నాడు, చేతికి సిమెంటు కట్టు. లేవబోయాడు.

"చెయ్యి నెమ్మదించిందా పటేలా?" అని అతనే ముందు అడిగాడు.

బాపు బుట్ట వైపు చూశాడు. "నాది పిల్లి గీరింది బిడ్డా" అన్నాడు.

"ఎరికే పటేలా. కాంపౌండరు గా దినమే చెప్పిండు. ఊరందరికి ఎరికే."

"మరి దండలెందుకు ఏసిన్రు?"

"పెద్దోళ్లు ఒక్కలు గూడ రాకపాయిరి. మీరన్నా వచ్చిన్రు గదా అని."

కూనను వాళ్లింట్లోనే వదిలి వచ్చాం. ఇంటికి రాగానే బాపు ఆ పిలగాడికి రోజూ పాలు పంపమని అమ్మకు చెప్పాడు. చేయి అతుక్కునేదాకా పాలు పోయాయి.

తల్లి పిల్లి కొన్నాళ్లు ఆ కూన కోసం ఇల్లంతా అరుస్తూ తిరిగింది, తర్వాత ఊరుకుంది. కాలేజీలు తెరిచాక నేను హన్మకొండ పోయాను. సెలవులకు వచ్చినప్పుడల్లా చూసేదాన్ని: బాపు అరుగు మీద కూర్చుని ఎండుచేప తల చేతిలో పట్టుకుని పిల్లిని పిలిచేవాడు. అది వచ్చి, చేప తీసుకుని, ఆయన దాని తల నిమరబోతే పక్కకు తప్పుకునేది. ఆయన చేయి వెనక్కి తీసుకుని, మరో చేప తల కోసం అమ్మను కేకేసేవాడు.