ఒక్క రాత్రిలో కాసిన చెనిక్కాయ

నవ్వడానికి సిద్ధంగా ఉండండి. లోకంలో అందరూ పరువును పెళ్లిళ్లలోనో పంచాయితీల్లోనో పోగొట్టుకుంటారు. నేను మాత్రం ఒకటో తరగతి గదిలో, టెంకాయ చిప్పెడు మట్టిలో, నా చేత్తో నేనే పాతిపెట్టుకున్నాను.

మా హేమ అప్పుడు తిరుపతిలో ఒకటో తరగతి. ఇప్పుడు ఇంటర్. ఈ కథ మొదలుపెడితే చాలు, "నువ్వు మార్చి చెప్తావు, నేను చెప్తా ఉండు నాయనా" అని అడ్డం పడుతుంది. అది ఇంట్లో లేనప్పుడు రాస్తున్నాను.

వాళ్ల టీచరమ్మ పిల్లలకు ఒక పని పెట్టింది. టెంకాయ చిప్పలో మట్టి పోసి, ఒక గింజ నాటి, తరగతి కిటికీలో పెట్టి రోజూ నీళ్లు పోయాలి. శనివారం తల్లిదండ్రులు వచ్చినప్పుడు ప్రతి బిడ్డా తన మొక్కను పట్టుకుని దాని కథ చెప్పాలి. మొక్క రాకపోతే కథ లేదు. హేమకు అదే భయం.

"నాయనా, ఏం గింజ నాటేది?"

"చెనిక్కాయ! మనది చెనిక్కాయల వంశం గదా పాపా. మీ తాత చేనిలో దగ్గితే చాలు, మొలకలొచ్చేవి."

వంటింట్లో చాట నిండా వేరుశనగ కాయలున్నాయి. కొన్ని తీసి, చెవి దగ్గర ఆడించి, రత్నాల వర్తకుడిలా ఒక కన్ను మూసి చూసి ఒలిచాను. ఏం కమ్మటి వాసన! మేలుజాతి లక్షణం అనుకున్నాను. రెండు గింజలు చిప్పలోకి, మిగిలినవి హేమ పెన్సిలు డబ్బాలోకి.

హేమ పక్కన కూర్చునే ఇమ్రాన్, గాజుల అంగడి వాళ్ల పిల్లోడు, పెసలు నాటాడు. అవి చిటికెలో లేచి నిలబడ్డాయి.

"నాయనా, ఇమ్రానుది మొలిచినాది. నాది రాలేదు."

"పెసలు ఎలక మాదిరి, బిరీన కంటాది. మనది ఏనుగు. దానికి టైము పడతాది."

మర్నాడు, "నాయనా, మెంతులు గూడా వచ్చేసినాయి."

"మనది కింద వేరు పెడతా ఉండాది పాపా. వేరు తిరుచానూరు తాకినాక పైకి వస్తాది సూడు."

పిచ్చితల్లి, అన్నీ నమ్మింది. శుక్రవారం సాయంత్రం మాత్రం నమ్మలేదు. అన్నం ముట్టలేదు. "రేపు అందరూ కథ చెప్తారు. నేను ఉత్త మట్టి పట్టుకుని నిలబడాల్నా?" అని కళ్లు తుడుచుకుంది. అది చూసి నాలో వీరుడు లేచాడు. నాలో వీరుడు లేచాడంటే బుద్ధి పడుకుందని అర్థం.

తెల్లారేసరికి బండి మీద పోయి ఏర్పేడు దగ్గర మా బావమరిది చేలో ఉన్నాను.

"ఏంది బావా, దొంగ మాదిరి ఈ యాళప్పుడు?"

"ఒక చెనిక్కాయ మొక్క కావల్ల."

"యాపాటిది?"

"పెద్దదే ఇయ్యప్పా. పరువు సంగతి!"

మట్టిముద్దతో సహా పెకలించి ఇచ్చాడు. బడిలో కసువు ఊడుస్తున్న ఆయమ్మతో "పాప డబ్బా మర్చిపోయింది" అని చెప్పి లోపలికి దూరి, దాన్ని చిప్పలో కుక్కాను. పచ్చగా, గుబురుగా, పసుపు పువ్వులతో... కోడిగుడ్డు పెంకులో ఆంబోతును నిలబెట్టినట్టుంది.

గది నిండా తల్లిదండ్రులు చేరాక టీచరమ్మ ఆ మొక్కను చూసింది. నన్నూ చూసింది. "పిల్లలూ, నేర్చుకున్న వరస చెప్పండి" అంది.

"విత్తు! మొలక! ఆకు! పువ్వు! కాయ!"

ఇమ్రాన్ చెయ్యెత్తాడు. "టీచర్, నిన్న హేమది మొలకే లేదు. ఈ పొద్దు పువ్వు యాడ్నించి వచ్చె?"

నేను మీసం సవరించుకున్నాను. "మా విత్తనం అట్లాంటిది బాబూ. ఒక్క రాత్రిలో అంతా కానిచ్చేస్తాది."

టీచరమ్మ మొక్కను మొదలు పట్టుకుని పైకెత్తింది. మట్టి రాలింది. కింద గజ్జెల్లాగా గుత్తులు గుత్తులుగా కాయలు! చెనిక్కాయల వంశంలో పుట్టినవాడికి కాయలు మట్టి కింద కాస్తాయని గుర్తుండొద్దూ?

"ఇంకో పూట ఆగుంటే చట్నీ గూడా వచ్చేది అబ్బా!" అన్నారెవరో వెనకనుంచి.

"హేమా, మీ నాయన ఇచ్చిన గింజలు ఇంకా ఉండాయా?" అని అడిగింది టీచరమ్మ. హేమ పెన్సిలు డబ్బా తెరిచింది. టీచరమ్మ ఒక గింజను రెండు బద్దలు చేసిందో లేదో, ఇమ్రాన్ ఒక బద్ద నోట్లో వేసుకున్నాడు.

"టీచర్, ఇది వేయించింది! ఉప్పుంటే ఇంకా బాగుండు!"

నా పక్కనే ఉన్న మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "నేను ఇసకలో వేయించి పెట్టిన కాయలు నాటినావా సామీ!"

గది గదంతా నవ్వింది. నేను హేమనే చూస్తున్నాను. ఏడుస్తుందనుకున్నాను. అది నా మొక్కను పక్కకు నెట్టి, మట్టి మాత్రమే మిగిలిన చిప్పను రెండు చేతులా పట్టుకుని ముందుకొచ్చింది.

"నేను చెనిక్కాయ నాటినాను. రాలేదు. వేయించిన గింజ మొలవదు." నా వైపు తిరిగింది. "మా నాయన చెప్పేవి గూడా అన్నీ మొలవవు."

ఆ రోజు ఏ పెసల మొక్కకూ అన్ని చప్పట్లు పడలేదు.

విత్తు ఒకటి నాటితే చెట్టు ఇంకొకటి మొలుస్తుందా అంటారు పెద్దలు. నేను నాటితే ఏర్పేడు చేను మొలుస్తుంది. అందుకే, నవ్వుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఏ గింజ నాటాలన్నా, ముందు నోట్లో వేసుకుని, పచ్చిదేనని రూఢి చేసుకున్నాకే మట్టిలో పెడతాను. ఆ మాటకొస్తే ఆనాటినుంచే ఈ నియమం పాటిస్తున్నాను. మా ఇంట్లో ఇంతవరకూ ఒక్క మొక్కా మొలవలేదు, అది వేరే సంగతి. రూఢి చేసుకునేసరికి గింజలు అయిపోతున్నాయి.